చలికాలంలో మొరాయించే డీజిల్ పికప్ ట్రక్కు

మినెసోటా వంటి ఉత్తర రాష్ట్రాలలో జనవరి ఉదయాన డీజిల్ పికప్ ట్రక్కు స్టార్టు కాకపోతే మనం మొదట నిందించేది బ్యాటరీని. అది కొంతవరకు న్యాయమే. చలికి బ్యాటరీ శక్తి సన్నగిల్లుతుంది, ఆయిలు చిక్కబడి ఇంజనును బరువెక్కిస్తుంది. అయితే స్టార్టరు చురుకుగా తిరుగుతున్నా ఇంజను అందుకోనప్పుడు కారణాన్ని వేరొక చోట వెదకవలసి ఉంటుంది.

రుడాల్ఫ్ డీజిల్ 1890 దశకంలో రూపొందించిన ఈ యంత్రానికి స్పార్కు ప్లగ్గు ఉండదు. గాలిని సుమారు 16 నుండి 20 రెట్లు కుదించగా పుట్టే వేడితోనే ఇంధనం మండుతుంది. సిలిండరు గోడలు చల్లబడి ఉంటే ఆ వేడిని అవే హరిస్తాయి. అందువలననే గ్లో ప్లగ్గులు గాని, లోనికి వచ్చే గాలిని వెచ్చబరిచే హీటరు గాని అమర్చుతారు.

స్టార్టరు తిప్పుతూ పొగగొట్టాన్ని గమనించమని ఇంకొకరిని కోరండి. తెల్లని పొగ వస్తే ఇంధనం చేరుతున్నది గాని మండడం లేదని అర్థం. అప్పుడు గ్లో ప్లగ్గులను ఓమ్‌మీటరుతో పరీక్షించాలి. మంచి ప్లగ్గు సాధారణంగా 2 ఓమ్‌ల లోపే చూపుతుంది. తెగిపోయిన దానిలో విద్యుత్తు ప్రవహించదు.

పొగ జాడయే లేకపోతే ఇంధనమే అందడం లేదన్నమాట. ఇందుకు తరచు కారణం మైనం. చలికి డబ్బాలో పేరుకొన్న నేతిని తలచుకొంటే చాలు, డీజిల్‌లోని పారఫిన్ కూడ అదే రీతిగా పేరుకొని ఫిల్టరును మూసివేస్తుంది. టెక్సాస్‌లో ట్యాంకు నింపుకొని ఉత్తరానికి వచ్చినవారికి ఇది మరీ తరచు ఎదురవుతుంది. అక్కడి డీజిల్ ఇక్కడి చలికి తగినట్లు కలిపినది కాదు. బండిని వెచ్చని గ్యారేజీలోకి చేర్చి, ఫిల్టరు మార్చి, 1వ నంబరు డీజిల్ కలిపిన ఇంధనం పోయాలి. పేరుకోకుండా ఆపే మందును ముందుగానే కలపాలి. మైనం కట్టిన తరువాత అది దానిని కరిగించదు.

తొందరపడి ఈథర్ స్ప్రే కొట్టడం మాత్రం తగదు. ఎర్రగా కాగిన గ్లో ప్లగ్గుకు అది తగిలితే ఇంజను పగిలిపోవచ్చు.

బండి నడుస్తుండగా నల్లని పొగ వస్తే గాలి చాలడం లేదేమో, ఎయిర్ ఫిల్టరును, టర్బో గొట్టాలను చూడాలి. నీలిపొగ ఆయిలు మండుతున్నదనడానికి గుర్తు.

ఇంధనపు గొట్టాలలో కారుటను చేతితో తడిమి వెదకకూడదు. నేటి ఇంజనులలో ఆ పీడనం చదరపు అంగుళానికి 20,000 పౌండ్లను మించుతుంది. కంటికి కనిపించని ధార చర్మాన్ని చీల్చి లోనికి పోగలదు. అట్టముక్కను అడ్డుపెట్టి దానిపై తడి కొరకు చూడాలి. ఒకవేళ వేలికి తగిలితే గాయం సూదిమొనంతే కనిపించినా, నొప్పి లేకపోయినా, తెల్లవారనీయక ఆసుపత్రికి వెళ్ళి డీజిల్ లోనికి దిగినదని స్పష్టంగా చెప్పాలి.