పక్షిగణనము

పక్షులను జూచి సంతోషించువారు పెక్కండ్రు గలరు. వానిని శ్రద్ధతో లెక్కించువారు కొందఱే. ఈ పని జీతమునకుఁ జేయునది కాదు. విద్యార్థులు, ఉపాధ్యాయులు, రైతులు తమ తీఱిక వేళలందు స్వచ్ఛందముగాఁ జేయునట్టిది. అమెరికాలో క్రిస్మసు పండుగనాఁడు పక్షులను వేఁటాడు వాడుక యుండెడిది. దానికి బదులుగా వానిని లెక్కింపుఁడని ఫ్రాంకు చాప్మను అను పక్షిశాస్త్రజ్ఞుఁడు కోరఁగా, 1900వ సంవత్సరము క్రిస్మసు దినమున 27 మంది యట్లు చేసిరి. ఆ గణనము నేఁటికిని ఏటేట సాగుచున్నది. మన దేశమునందును 1987 మొదలు జనవరి మాసమున నీటిపక్షులను లెక్కించుచున్నారు.

ఇందుకు వలసినవి దుర్భిణి, చిన్న పుస్తకము, పెన్సిలు. తెల్లవాఱుజామున చెఱువుగట్టు చేరి, మొదట స్థలము, తేదీ, వేళ వ్రాయవలెను. పెద్ద గుంపు కనఁబడినచో పది పక్షులను లెక్కించి, అవి యాక్రమించిన మేరను కంటితోఁ గొలిచి, గుంపునందు అట్టి మేర లెన్ని గలవో చూడవలెను.

మేము తొలిసారి వెళ్ళినపుడు బొల్లికోళ్ళ గుంపొకటి లేచి ఆవలి యొడ్డున వ్రాలఁగా, దానినే మరల లెక్కించితిమి. గట్టు రెండవ కొన నిలిచిన మిత్రుఁడు తన పుస్తకము చదువఁగా మా తప్పు తెలిసినది. పెద్ద సంఖ్యను కొట్టివేయుటకు మన సొప్పలేదు, అయినను కొట్టివేసితిమి. నాఁటి పాఠము మే మిప్పటికిని మఱువలేదు.

అంతకంటెఁ గష్టమైనది "ఏమియుఁ గానరాలేదు" అని వ్రాయుట. కాని కానరాకపోవుట వేఱు, లేకపోవుట వేఱు. కలివికోడి కథయే యిందుకు నిదర్శనము. 1900లో అనంతపురము సమీపమునఁ గనఁబడిన పిదప 86 సంవత్సరములు దాని జాడ తెలియలేదు. నశించినదనియే పలువురు తలఁచిరి. 1986 జనవరిలో బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘమువారు కడప జిల్లాలో, పిట్టలను బట్టు స్థానికుని సాయముతో దానిని మరలఁ గనుఁగొనిరి. అది ముండ్లపొదల నడుమ రాత్రులందుఁ దిరుగు పిట్ట. పగటివేళ వెదకినవారి కెట్లు దొరకును? తరువాతి పరిశోధకులు పొదల నడుమ ఇసుక పఱచి, దానిపైఁ బడిన కాలిజాడలను బట్టి వెదకిరి. ఆ పిట్ట కొఱకు శ్రీలంకమల్లేశ్వర అభయారణ్య మేర్పడినది. తెలుగుగంగ కాలువ త్రోవ సయితము మార్పఁబడినది.

కావున ఏమియుఁ గానరానినాఁడును, ఎచ్చట, ఏ వేళ, ఎంతసేపు వెదకితిమో వ్రాయుట మన విధి. ఆ వ్రాఁతయే రాఁబోవువారికి దారి చూపును.

బాలబాలికలారా! ఈ పనికిఁ గూలి లేదు గాని ఫలము గలదు. చెవి కూఁతను బట్టి పిట్టను గుర్తించును. కన్ను ఓపిక నేర్చును. చేయి నిజమును వ్రాయుట కలవాటుపడును. తల్లిదండ్రులును ఒక యుదయము తమ బిడ్డల వెంట చెఱువుగట్టునకు నడతురు గాక.