దర్జీ దుకాణము

మెట్‌పల్లి పట్టణము నిజామాబాదు నుండి జగిత్యాలకు పోవు జాతీయ రహదారిపై నున్నది. 2016వ సంవత్సరమున కొత్త జిల్లాలు ఏర్పడు వరకు ఇది కరీంనగరు జిల్లాలోనిది. ఇప్పుడు జగిత్యాల జిల్లాకు చెందినది. ఇచ్చటి ఖాదీ పేరుగాంచినది. పసుపు పండించు రైతులు, బీడీలు చుట్టు స్త్రీలు, గల్ఫు దేశములకు పోయి ఇంటికి సొమ్ము పంపు యువకులు, వీరి చేతిలో డబ్బు ఆడినచో ఈ ఊరి చిన్న దుకాణములు ఆడును.

ఇచ్చట నాకు చిరకాలముగా తెలిసిన దర్జీ ఒకడు గలడు. అతనికి ఒక అద్దె గది, రెండు కుట్టుమిషనులు, ఒక సహాయకుడు ఉండిరి. కరోనా వ్యాధి ప్రబలుటచే 2020 మార్చి 22వ తేదీన జనతా కర్ఫ్యూ జరిగినది. 25వ తేదీన దేశమంతటను లాక్‌డౌను మొదలయ్యెను. ఆ దినమే ఉగాది. పండుగకని కుట్టి, ఇస్త్రీ చేసి ఉంచిన బట్టలు కొక్కెములకు వ్రేలాడుచుండగనే గదికి తాళము పడినది. పిదప పెండ్లిండ్ల కాలమును ఆ తాళము వెనుకనే గడచిపోయినది. బీడీ కార్ఖానాలు ఆగినవి. గల్ఫు నుండి డబ్బుకు బదులు మనుష్యులే తిరిగి వచ్చిరి. తెల్ల రేషను కార్డు గలవారికి ప్రభుత్వము తలకు 12 కిలోల బియ్యమును, కుటుంబమునకు 1500 రూపాయలను ఇచ్చినది. ఆకలి తీరెను గాని గది అద్దె తీరలేదు.

ఇచ్చట మీరొక సంగతి గమనింపవలెను. దుకాణమునకు పెట్టుబడి రెండు విధములు. మిషను, బల్ల, కత్తెర నిలిచియుండునవి. దారము, గుండీలు, లైనింగు గుడ్డ, సహాయకుని కూలి, వీనికై వెచ్చించిన డబ్బు తిరుగుచుండునది. నేడు పోయి రేపు గిరాకి చేతిమీదుగా తిరిగి వచ్చును. దుకాణము మూతపడినపుడు మిషను ఎచ్చటికిని పోదు. తిరుగు డబ్బును మాత్రము ఇల్లు తినివేయును. మే నెల చివర మా దర్జీ తలుపు తీయగా మిషనులు చక్కగనే యున్నవి. దారము కొనుటకు డబ్బు లేదు. బావిలో నీరుండియు చేద లేనివాని స్థితి అది.

అంతకుముందే అతనికి బ్యాంకులో 50,000 రూపాయల అప్పు కలదు. మార్చి మొదలు ఆగస్టు వరకు ఆరు నెలల వాయిదాలను కట్టకుండ ఆపుకొనవచ్చునని రిజర్వు బ్యాంకు అవకాశమిచ్చినది. చాలమంది దీనిని మాఫీ అనుకొనిరి. అది మాఫీ కాదు, గడువు మాత్రమే. లెక్క చేసి చూడుడు. నూటికి సంవత్సరమునకు 12 వంతున ఆరు నెలల వడ్డీ 3000 రూపాయలు. నెలనెల వడ్డీపై వడ్డీ వేసినచో 3076. ఈ 76 వంటి తేడాను ఆ సంవత్సరము నవంబరులో కేంద్ర ప్రభుత్వము భరించినది. మూడు వేలు మాత్రము అప్పు తీసికొన్నవాడే కట్టవలెను.

2020 జూన్ 1న వీధి వ్యాపారులకై స్వనిధి పథకము వచ్చినది. ఇడ్లీ బండి, కూరగాయల తట్ట గలవారికి తొలుత 10,000 రూపాయలు, సకాలమున తీర్చినవారికి 20,000, ఆపై 50,000 అప్పుగా లభించెను. బండివానికి పదివేలు చిన్న సొమ్ము కాదు. కాని అద్దె గదిలో కూర్చుండు దర్జీకి ఆ పథకము వర్తింపలేదు. మరల బ్యాంకులో అప్పు చేయుదునా యని అడుగుటకు జూలైలో అతడు నా యొద్దకు వచ్చెను.

ముందుగా నీ పద్దు పుస్తకము తెమ్మంటిని. తెచ్చెను. ఉద్దెర పుటలను కూడగా రావలసినది 18,400 రూపాయలు తేలినది. నాలుగవ పుటలో నా పేరును కనబడినది. సంక్రాంతికి కుట్టించుకొన్న బట్టలకు 640 రూపాయలు! అతని అప్పును గూర్చి సలహా చెప్పుటకు కూర్చున్న నేనే అతనికి బాకీ. నాకు తల యెత్త బుద్ధి పుట్టలేదు.

“ఇన్ని దినములు అడుగవేమయ్యా?” అంటిని.

“సారూ, ఉద్దెర అడిగితే గిరాకి పోతది” అనెను.

నా బాకీ అప్పుడే తీర్చితిని. పిదప నెల జీతము, పింఛను గలవారి పేర్లు మాత్రము ఏరి వ్రాసికొంటిమి. బీడీ కార్మికుల పేర్ల జోలికి పోవలదని అతడే చెప్పెను. వారి కార్ఖానా తెరచినపుడు వారే తెత్తురనెను. నేను నా తోడి ఉపాధ్యాయుల ఇండ్లకు పోయి, మొదట నా సంగతి చెప్పి, పిదప వారి సంగతి చెప్పితిని. ఒకరిద్దరు నొచ్చుకొనిరి. నెల తిరుగకమునుపే 9,000 రూపాయలు వచ్చినవి. కొత్త అప్పు తప్పినది. దారము వచ్చినది. మిగిలిన గుడ్డముక్కలతో మూతి మాస్కులు కుట్టి అమ్మెను.

అయినను ఆ యేడు బడిబట్టల పని రాలేదు. జూన్‌లో బడులు తెరవలేదు. 2021 ఫిబ్రవరి 1న తొమ్మిదవ తరగతి, ఆపై విద్యార్థులకు తెరచి, మార్చిలోనే మరల మూసిరి. మే 12 నుండి జూన్ 19 వరకు రాష్ట్రమున రెండవ మారు లాక్‌డౌను నడచెను. ఈ సారి అతడు రెండు నెలల అద్దె ముందుగనే ఒక డబ్బాలో వేరుగా దాచియుంచెను.

సెప్టెంబరు 1న బడులు తెరచిరి. ఏడాదిన్నరలో పిల్లలెల్లరు ఎదిగిపోయిరి గదా! పాత నిక్కరు ఎవరికిని పట్టలేదు. ఆ నెలంతయు ఆ గదిలో అర్ధరాత్రి వరకు దీపము వెలిగినది. సహాయకుడు మాత్రము తిరిగి రాలేదు. తన ఊరిలో పొలము పనికి కుదిరినాడట. రెండవ మిషనుపై ఇప్పుడు దర్జీ భార్య కూర్చుండును. పద్దు పుస్తకమును ఆమె చేతికే పోయినది. ఆమె నాకు ఉద్దెర ఇచ్చుట మానివేసినది.