స్తేయప్రకరణం: దండం, ప్రత్యర్పణం, రక్షణబాధ్యత

ధర్మశాస్త్రకర్తలు పరిగణించిన పదునెనిమిది వ్యవహారపదాలలో స్తేయం ఒకటి. స్మృతులు చెప్పిన చౌర్యదండాలు కఠినమైనవి గనుక ప్రాచీన న్యాయవ్యవస్థ దొంగతనాన్ని దండంతోనే అణచజూచిందనే భావన వ్యాపించింది. యాజ్ఞవల్క్యస్మృతి వ్యవహారాధ్యాయాన్ని మితాక్షరతో కలిపి పరిశీలిస్తే వేరొక క్రమం కనబడుతుంది. అపహృతద్రవ్యం యజమానికి చేరడం అందులో మొదటిది, చోరుని దండించడం తరువాతిది. ఈ రెంటికీ మూలంగా రక్షించవలసినవాని బాధ్యత ఉన్నది.

ఈ పరిశీలన తెలుగుదేశానికి దూరమైనది కాదు. మితాక్షరాకారుడైన విజ్ఞానేశ్వరుడు కల్యాణి చాళుక్య చక్రవర్తి ఆరవ విక్రమాదిత్యుని (1076–1126) కాలంవాడు. నేటి కరీంనగర్ ప్రాంతపు సబ్బినాడు ఆ చక్రవర్తి ఏలుబడిలోనిదే. 13వ శతాబ్దంలో, తిక్కన సమకాలికుడైన కేతన ఈ శాస్త్రాన్ని ‘విజ్ఞానేశ్వరీయము’గా తెనిగించాడు. సంస్కృతం రానివారికి కూడా వ్యవహారధర్మం తెలియవలసిన అవసరాన్ని ఆ రచన సూచిస్తుంది.

ప్రత్యర్పణం

దొంగలు హరించిన ద్రవ్యాన్ని రాజు ప్రజలకు ఇప్పించాలని, ఇప్పించనిచో ఆ పాపం అతనికే చెందుతుందని యాజ్ఞవల్క్యుని మతం. మనువు అభిప్రాయమూ ఇట్టిదే. గౌతమధర్మసూత్రం మరింత స్పష్టంగా, సొమ్ము దొరికితే యథాస్థానానికి చేర్చాలని, దొరకకపోతే కోశం నుండి ఇవ్వాలని విధించింది. పన్ను తీసికొనేవాడు రక్షణకు పూచీపడినవాడే అన్నది ఇక్కడి తర్కం. సొమ్ము పోవడమంటే ఆ పూచీ భంగమైనట్లే.

రాజు తరువాత ఈ భారం గ్రామంపై పడుతుంది. లక్సెట్టిపేట ప్రాంతాన్ని ఉదాహరణగా తీసికొని ఈ నియమాన్ని అన్వయింపవచ్చును. గోదావరి ఉత్తరపుటొడ్డున ఒక ఊరిలో ఎడ్లజత పోయినదనుకొందాం. అడుగుజాడ పొలిమేర దాటిన గుర్తు లేకపోతే దోషం గ్రామాధిపతిది. జాడ రేవు దాటి ఆవలి ఊరిలోకి పోతే ఇచ్చుకోవలసింది ఆ ఊరు. పచ్చికబీటిలో పోతే వివీతభర్త, దారిలో పోతే చౌరోద్ధర్త బాధ్యులు. ఊరికి క్రోశం వెలుపల జరిగితే ఐదుగ్రామాలో, పదిగ్రామాలో కలిసి చెల్లించాలి. కౌటిల్యుడు వివీతాధ్యక్షునికి, చోరరజ్జుకునికి విధించిన బాధ్యత కూడా దీనికి సన్నిహితమైనదే.

ఈ విధి ఫలితం గమనింపదగినది. దొంగ దొరకకపోతే నష్టపోయేది తామే గనుక ఊరివారికి కావలి స్వప్రయోజనమవుతుంది. పోగొట్టుకొన్నవాడు దొంగ దొరికేదాకా వేచియుండనక్కరలేదు. నివారణ, ప్రత్యర్పణం అనే రెండు ప్రయోజనాలను ఒకే నియమం సాధించింది. తమ కావలిలో పోయిన సొత్తు కావలిగాండ్రే ఇచ్చుకొనే ఆచారం దక్షిణదేశంలో 19వ శతాబ్దారంభం వరకు నిలిచినట్లు కుంపిణీ కాలపు నివేదికలు తెలుపుతున్నాయి.

దండం

చోరునిచేత మొదట ద్రవ్యాన్ని ఇప్పించి, ఆపైననే దండించాలని యాజ్ఞవల్క్యుడు చెప్పాడు. అతడు చెప్పిన వధదండం ఉత్తమద్రవ్య విషయమేగాని పూలు, వస్త్రాలవంటి క్షుద్ర, మధ్యమ ద్రవ్యాల విషయం కాదని మితాక్షర పరిమితిని ఏర్పరచింది. దండవిధానంలో దేశం, కాలం, వయస్సు, శక్తి ఆలోచింపదగినవని మూలమే చెబుతున్నది. మనువు తెలిసి దొంగిలించిన శూద్రునికి ఎనిమిదిరెట్లు, వైశ్యునికి పదహారు, క్షత్రియునికి ముప్పదిరెండు, బ్రాహ్మణునికి అరువదినాలుగు రెట్లు దోషమన్నాడు. అయితే వధకు బదులు బ్రాహ్మణునికి అంకనం, నిర్వాసనం మాత్రమే విధింపబడిన సంగతిని కూడా విస్మరింపరాదు. దోషగణనలో ఉన్న న్యాయం దండవిధిలో నిలువలేదు.

శంక

ఈ వ్యవస్థలోని పెద్దలోపం శంకాగ్రహణం. జాతినామాలు దాచేవారు, నివాసం తెలియనివారు, ప్రశ్నించినపుడు నోరెండి స్వరం మారినవారు పట్టుకోదగినవారని స్మృతి చెప్పింది. శంకతో పట్టుబడినవాడు తన నిర్దోషిత్వాన్ని నిరూపించుకోలేకపోతే ద్రవ్యం చెల్లించి చౌరదండం కూడా పొందాలి. భయానికి కూడా స్వరం మారుతుంది. సంచారజీవికి స్థిరనివాసం ఉండదు. చెల్లింపుభారం తప్పించుకోగోరే గ్రామానికి అట్టివాడు సులభంగా దొరుకుతాడు.

ఆధునికకాలంలో ఈ శంకయే చట్టమైనది. 1871 నాటి నేరస్థజాతుల చట్టం కొన్ని సమూహాలను పుట్టుకతోనే దొంగలుగా ఎంచింది. 1911 చట్టంతో అది మద్రాసు రాజధానిలోనూ అమలైనది. బాపట్ల సమీపంలోని స్టువర్టుపురంలో ఎరుకలవారి కోసం ఏర్పడిన సెటిల్‌మెంటు దాని ఫలమే. స్మృతి రక్షకుని బాధ్యుణ్ణి చేస్తే, ఈ చట్టం అనుమానితుని సమూహాన్నంతటినీ బంధించింది. రెండింటిలోనూ ఉన్నది సామూహిక బాధ్యతయే అయినా దాని దిశ తలక్రిందులైనది. 1952లో ఆ చట్టం రద్దయినది. తరువాత హేమలతాలవణం, లవణం దంపతులు అక్కడ సాగించిన సంస్కరణకార్యం నివారణకు కాపలా కంటె విశ్వాసం, జీవనోపాధి ముఖ్యమని చూపింది.

నేటి స్థితి

1860 నాటి శిక్షాస్మృతి సాధారణ చౌర్యానికి మూడేండ్ల వరకు కారాగారం, జరిమానా విధించింది. సొమ్ము తిరిగి ఇవ్వడానికి శిక్షానిర్ణయంలో ప్రత్యేకస్థానం ఇవ్వలేదు. 2024 జూలై 1న అమలులోకి వచ్చిన భారతీయ న్యాయసంహిత 303వ విభాగం ప్రకారం, సొత్తు విలువ ఐదువేల రూపాయలకు లోపై, నేరం మొదటిసారి రుజువైనదై, సొత్తునుగాని దాని విలువనుగాని తిరిగి ఇచ్చినచో శిక్ష సమాజసేవయే. ప్రత్యర్పణానికి ఇట్లు మరల స్థానం లభించింది.

అయితే తిరిగివచ్చింది చోరుని ప్రత్యర్పణం మాత్రమే. దొంగ దొరకనిచోట పోయిన సొమ్మును కోశం నుండి ఇవ్వాలనే సామాన్యనియమం నేటి చట్టంలో లేదు. గ్రామంలో పోలీసు పటేలు వంటి వంశపారంపర్య ఉద్యోగాలు 1984లో రద్దయి, రక్షణ పూర్తిగా ప్రభుత్వోద్యోగుల వశమైనది. పన్ను కట్టి, కావలిని ఇతరులకు అప్పగించి సొమ్ము పోగొట్టుకొన్నవాడు నష్టాన్ని ఒంటరిగా భరిస్తున్నాడు. స్మృతులలోని అంకనవధలు, జాతిభేదదండాలు, శంకాగ్రహణం త్యజింపదగినవి. రక్షణలో లోపం జరిగితే రక్షకుడు మూల్యం చెల్లించాలన్న గౌతమాదుల సూత్రం మాత్రం న్యాయశాస్త్ర పునఃపరిశీలనకు అర్హమైనది.