కలుపుకూరలు – మందు చల్లిన చేలు



వానకాలపు పైరులలో మొదటి కలుపు తీయునపుడు మనము పెరికి గట్టున పారవేయు మొక్కలన్నియు పనికిమాలినవి కావు. వానిలో కొన్ని మన పెద్దలు తరతరములుగా వండుకొని తినుచు వచ్చిన కూరలు. వానిని గుర్తించుట, వండుట, ఏ చేనిలోని కూరను ముట్టరాదో తెలిసికొనుట అను మూడు సంగతులను ఇచట వ్రాయుచున్నాను. మూడవది అన్నిటికంటె ముఖ్యము.

1. గుర్తింపదగిన కూరలు

గునుగు: మెట్టచేలలో విరివిగా మొలచును. పూత రాకమునుపు లేత ఆకును కోయవలెను. పూచినచో ఆకు ముదురుటయే గాక, ఒక్కొక్క మొక్క వేలకొలది గింజలను రాల్చి మరుసటి యేటికి కలుపును పెంచును. బతుకమ్మకు పూలు కావలసినవారు గట్టుమీది మొక్కలను మాత్రము విడిచిన చాలును.

చెంచలి: జొన్న, కంది చేలలో దొరకును. పప్పులో వేసిన మిక్కిలి రుచిగా నుండును.

తుమ్మి: తెల్లని చిన్న పూలు పూయును. ఆకు కొంచెము చేదు. తెలంగాణమున వినాయకచవితినాడు దీనిని వండుకొను ఆచారము కలదు.

గంగవాయిలి: నేలబారుగ పాకును. కాడలు, ఆకులు దళసరిగా నుండి పుల్లగా నుండును. దీనివలెనే నేలను పాకు నానబాలు మొక్కతో పొరబడరాదు. కాడను త్రుంచి చూడుడు. పాలు కారినచో అది కూర కాదు.

పొన్నగంటి: కాలువగట్లను, తడినేలలను పెరుగును. మురుగునీరు పారు చోటులందలి దానిని కోయరాదు.

ఉమ్మెత్త ఆకు, గింజ, పువ్వు అన్నియు విషమే. వయ్యారిభామ వంటికి సోకినను కొందరికి దురద, ఉబ్బసము కలుగును. ఇవి కూరలోనికి రాకుండ చూచుకొనవలెను. మీకు గాని, మీ ఇంటి పెద్దలకు గాని నిశ్చయముగా తెలియని ఆకును వండనే వండరాదు.

2. వండు విధము

2019–21 సంవత్సరములలో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, మన దేశమున 15 మొదలు 49 ఏండ్ల వయస్సుగల స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత యున్నట్లు తేలినది. ఆకుకూరలలో ఇనుము, సున్నము, కంటికి మేలుచేయు కెరోటిన్ అను పదార్థము ఉన్నవి. ఇవి ఒక్కటే రక్తహీనతను పోగొట్టవు గాని, అనుదినము కంచములో ఉండదగినవి.

దోసెడు కందిపప్పునకు నాలుగు దోసిళ్ల లేత ఆకు చాలును. ఆకును రెండు మూడు నీళ్లలో కడిగి తరుగవలెను. పప్పు సగము ఉడికిన పిదప ఆకు వేసి, మెత్తబడగానే దింపి, నూనెతో పోపు పెట్టవలెను. నూనె లేనిదే కెరోటిన్ వంటికి చక్కగా పట్టదు. దింపిన పిదప నిమ్మరసము పిండినచో ఇనుము బాగుగా ఒంటబట్టును. గంగవాయిలి వంటి పుల్లని కూరలలో మూత్రపిండములలో రాళ్లున్నవారికి సరిపడని ఆమ్లము ఉండును గనుక, అట్టివారు వానిని మానుట మేలు.

3. మందు చల్లిన చేలు

ఒకయేడు నేనొక రైతు జొన్నచేనిలో 2,4-డి అను కలుపుమందును చల్లించి చూపితిని. ఈ మందు జొన్నను చంపక, వెడల్పాటి ఆకుగల కలుపును చంపును. మనము పైన చెప్పుకొన్న కూరలన్నియు వెడల్పాకు మొక్కలే! మరునాడు ప్రక్క చేనికి కలుపు తీయవచ్చిన కూలి స్త్రీలు మా గట్టున చెంచలికూర కోసి ఒడి నింపుకొనుచుండిరి. వారిలోని ఒక ముసలమ్మ ఆకులు మెలితిరిగి యుండుట చూచి, “అయ్యా, ఈ కూరకేమైన చల్లినారా?” అని నన్నడిగినది. చల్లితిమని చెప్పగా అందరును ఒడులు దులిపివేసిరి. మందు మోతాదు, నీటి కొలత, గాలివాటము అన్నియు రైతునకు బోధించిన నేను, ఆ మాట ఊరివారికి చెప్పవలెనని మాత్రము తలపనైతిని. ఆ తప్పు నాది.

అన్ని మందులకును ఆకు మెలితిరుగదు. కొన్ని మందులు చల్లిన కొన్ని దినములవరకు ఆకు పచ్చగనే కనబడును. కావున కంటి గుర్తును నమ్మి యుండరాదు, చల్లినవాడే చెప్పవలెను.

సభ్యులు చేయదగిన పనులు నాలుగు:

(1) మందు చల్లుటకు ముందుదినమున ఇరుగుపొరుగు రైతులకును, కూలివారికిని తెలుపుట.

(2) చల్లిన చేనికి నాలుగు మూలల ఎర్రగుడ్డ కట్టిన కర్రలను పాతుట; ఆ గుర్తునకు అర్థమేమో పిల్లలకు సైతము నేర్పుట.

(3) ఆ చేనిలోను, గట్టుమీదను ఆ పంటకాలము ముగియువరకు కూర కోయకుండుట, కోయనీయకుండుట.

(4) వీలున్నచోట ఒక మూల మందు చల్లక, చేతితో కలుపు తీయించి, ఆ కూరను తీసినవారికే విడిచిపెట్టుట.

కోసిన చేనిలో పరిగె ఏరుకొను బీదలను అడ్డగింపకుండుట మన ఊళ్ల పాత మర్యాద. కలుపుకూరయు అట్టిదే. మందు వాడుట మానుమని నేను చెప్పుట లేదు. వాడినవారు నోరు విప్పవలెనని మాత్రము కోరుచున్నాను. ఈ పాఠమును మీ ఇంటి స్త్రీలకును, మీ చేనికి వచ్చు కూలివారికిని చదివి వినిపింపుడు.