నడక తెలిసినవాడిదే పరుగు

శుక్రవారం సాయంత్రం ఆరు కావస్తోంది. ఫ్రాన్స్‌లోని షామోనీ ఊళ్లో చర్చి ముందున్న చిన్న కూడలి. రెండు వేల మందికి పైగా భుజాలు ఒరుసుకుంటూ నిలబడి ఉన్నారు. నుదుటికి లైటు, వీపుకు చిన్న సంచి, చాలామంది దగ్గర మడతపెట్టే కర్రలు. తలెత్తితే ఆల్ప్స్ మంచు కొండలు. స్పీకర్లలో వాంజెలిస్ సంగీతం మోగుతుంటే కొందరు కళ్లు తుడుచుకుంటున్నారు. ఇంకా ఒక్క అడుగు కూడా వేయలేదు!

వీళ్లు మౌంట్ బ్లాంక్ పర్వతం చుట్టూ తిరిగి మళ్లీ ఇదే కూడలికి రావాలి. ఫ్రాన్స్‌లో మొదలై, ఇటలీలోకి దిగి, స్విట్జర్లాండ్ మీదుగా వెనక్కి. దాదాపు 170 కిలోమీటర్లు. దారిలో ఎక్కే ఎత్తులన్నీ కూడితే 10,000 మీటర్లు. ఎవరెస్టు ఎత్తే 8,849 మీటర్లు! ట్రెక్కింగ్‌కు వచ్చేవాళ్లు వారం పది రోజులు పెట్టుకుని నడిచే బాట ఇది. వీళ్లకిచ్చిన గడువు 46 గంటల 30 నిమిషాలు. పందెం పేరు అల్ట్రా ట్రెయిల్ డు మౌంట్ బ్లాంక్. అందరూ యూటీఎంబీ అంటారు.

2003లో మొదటిసారి పెట్టినప్పుడు సుమారు 700 మంది బయల్దేరారు. చివరిదాకా వచ్చింది 67 మంది. గెలిచింది నేపాల్‌కు చెందిన దావా షేర్పా. ఇప్పటికీ చాలా ఏళ్లలో దాదాపు మూడో వంతు మంది దారిలోనే ఆగిపోతుంటారు. ఆగిపోయేవాళ్లు చేతకానివాళ్లేం కాదు. అర్హత పందేలు పరిగెత్తి, లాటరీలో పేరొచ్చి, నెలల తరబడి సాధన చేసి వచ్చినవాళ్లే. వాతావరణం కొందరిని ఆపుతుంది, కడుపు కొందరిని ఆపుతుంది. మరెందరినో ఆపేది మాత్రం తొందర.

'పరుగెత్తి పాలు తాగేకంటే నిలబడి నీళ్లు తాగడం మేలు' అన్నారు పెద్దలు. ఈ సామెతను బద్ధకస్తులు తెగ వాడుకున్నారు. ఆల్ప్స్‌లో పరిగెత్తేవాళ్లను గమనిస్తే దీనికి ఇంకో అర్థం తోస్తుంది. పాలు కావాలంటే పరిగెత్తాల్సిందే. కానీ దారిలో ఎక్కడ నిలబడి నీళ్లు తాగాలో తెలిసినవాడికే ఆ పాలు దక్కుతాయి.

ఆ తెలివి ఎలా వస్తుందో చూద్దాం.

మొదటి ఎనిమిది కిలోమీటర్లను నమ్మకండి

షామోనీ నుంచి లెజూష్ అనే ఊరిదాకా సుమారు 8 కిలోమీటర్లు. పెద్దగా ఎత్తుపల్లాలు లేవు. దారికి రెండువైపులా జనం ఆవు మెడ గంటలు మోగిస్తుంటారు, పిల్లలు చేతులు చాపుతారు. కాళ్లు కొత్తగా ఉంటాయి, ఒళ్లు తేలిపోతున్నట్టుంటుంది. అందరూ అనుకున్నదానికంటే వేగంగా పరిగెడతారు. అక్కడ మిగిల్చుకున్న ఐదు నిమిషాలకు రెండో రాత్రి గంటల లెక్కన వడ్డీ కట్టాలి.

గ్రూప్-2 నోటిఫికేషన్ రాగానే రోజుకు పదహారు గంటలు చదివే కుర్రాణ్ని చూడండి. రంగురంగుల పెన్నులు, గోడకు టైమ్‌టేబుల్, స్టేటస్‌లో ప్రతిజ్ఞ. పన్నెండో రోజున జ్వరం. ఇరవయ్యో రోజుకు పుస్తకం చూస్తేనే విసుగు. అతనికి తెలివి తక్కువేం లేదు. మొదటి ఎనిమిది కిలోమీటర్లు అతన్ని ముంచాయి.

ఏ పెద్ద పనైనా సరే, మొదటి వారం మీకు చేతనైనదాంట్లో మూడొంతులే చేయండి. 'ఇంకా చేయగలను' అనిపిస్తుండగానే లేవండి. ఆ మిగిలిన ఆకలే మిమ్మల్ని మర్నాడు మళ్లీ కూర్చోబెడుతుంది.

ఎక్కుడులో నడవండి

మొదటిసారి ఈ పందెం చూసేవాళ్లకు ఒక విషయం వింతగా అనిపిస్తుంది. ప్రపంచంలోనే పేరున్న పరుగువీరులు కొండ నిటారుగా లేచేచోట పరుగు ఆపి నడుస్తారు. నడుం వంచి, రెండు చేతులూ మోకాళ్ల పైన ఆనించి, ఒక్కో అడుగూ నొక్కుకుంటూ ఎక్కుతారు. కర్రలున్నవాళ్లు కర్రలు పొడుస్తూ వెళతారు.

దీని వెనక లెక్క చిన్నదే. బాగా నిటారుగా ఉన్నచోట పరిగెత్తినా, గట్టిగా నడిచినా వేగంలో తేడా కొద్దిగానే ఉంటుంది. ఖర్చయ్యే శక్తిలో తేడా మాత్రం చాలా ఉంటుంది. కాబట్టి తెలిసినవాడు నడుస్తాడు. పక్కవాడు పరిగెడుతూ దాటిపోయినా పట్టించుకోడు. ఇంకో నాలుగు గంటల తర్వాత వాడే కనిపిస్తాడు, రాయి మీద కూర్చుని.

మీ బతుకులో ఇప్పుడు ఎక్కుడు ఏది? నాన్నగారి ఆపరేషనా? ఇంటి అప్పా? పసిబిడ్డతో ఉద్యోగమా? ఆ రోజుల్లో మామూలు వేగం కోసం పట్టుబట్టకండి. రోజుకు గంట చదివేవాళ్లు పదిహేను నిమిషాలు చదవండి. నెలకు పది వేలు దాచేవాళ్లు వెయ్యి దాచండి. వేగం తగ్గించుకోండి, దిక్కు మార్చకండి, కూలబడకండి. పక్కింటివాళ్ల అబ్బాయి దాటిపోతున్నాడా? పోనివ్వండి. అతని దారి ఇప్పుడు చదునుగా ఉందేమో.

దిగుడులో ఇంకా జాగ్రత్త

ఎక్కడం కష్టం, దిగడం సులువు అనుకుంటాం. ఊపిరికి ఆ మాట నిజం, తొడలకు కాదు. దిగేటప్పుడు ప్రతి అడుగుకూ తొడ కండరం సాగుతూనే బరువును ఆపాలి. ఒకరకంగా కాలే బ్రేకు. కండరం ఎక్కువగా చిట్లేది ఆ పనిలోనే. మొదటి కొండల మీంచి కేరింతలు కొడుతూ దూకినవాళ్లు రెండో రోజు మెట్లు కూడా పక్కకు తిరిగి దిగుతుంటారు.

మన జీవితంలో దిగుడంటే సుఖంగా జారిపోయే కాలం. ప్రమోషన్ వచ్చింది, జీతం పెరిగింది, అందరూ మెచ్చుకుంటున్నారు. కొత్త కారుకు కిస్తీ, ఇంకో క్రెడిట్ కార్డు, నడక మానేసిన పొద్దుటిపూటలు. అప్పుడు నొప్పి తెలియదు, తర్వాతి ఎక్కుడులో తెలుస్తుంది. మంచి రోజుల్లోనే బ్రేకు మీద కాలుంచండి.

రెండో లైటు ఎందుకు?

పందేనికి ముందు సంచులు తనిఖీ చేస్తారు. దారిలో ఎక్కడైనా మళ్లీ తెరవమనవచ్చు. అందులో ఏముండాలో నిర్వాహకులు ముందే చెబుతారు. టోపీ ఉన్న వాన కోటు, వెచ్చటి బట్టలు, లీటరు నీళ్లు పట్టే సీసాలు, కొంత తిండి, ఈల, ఒంటికి చుట్టుకునే పల్చటి రేకు దుప్పటి, ఫోను. తాగడానికి సొంత గ్లాసు కూడా తెచ్చుకోవాలి. వాడి పారేసే గ్లాసులు అక్కడ ఇవ్వరు. తలకు పెట్టుకునే లైట్లు మాత్రం రెండుండాలి.

గ్రాముల లెక్కన బరువు తగ్గించుకునేవాళ్లకు ఈ రెండో లైటు చిరాకే. వెలుగుతున్న లైటు ఉండగా ఇంకోటెందుకు? మొదటిది ఆరిపోయేది వెలుతురున్నప్పుడు కాదు కాబట్టి. అర్ధరాత్రి, రెండు వేల మీటర్ల పైన, పొగమంచులో మొదటి లైటు ఆరితే, రెండోది వెలిగించడానికి చుట్టూ చూసే వెలుగు కూడా ఉండదు. అనుభవజ్ఞులు అది ఏ జేబులో ఉందో చేతికి అలవాటు చేసుకుంటారు.

మీ రెండో లైటు ఏది? ఆరు నెలల ఇంటి ఖర్చు బ్యాంకులో ఉందా? ఉన్న ఉద్యోగం పోతే అక్కరకొచ్చే ఇంకో పని చేతిలో ఉందా? అర్ధరాత్రి ఫోన్ చేస్తే 'ఎందుకు' అని అడక్కుండా బయల్దేరే మనిషి ఒక్కరైనా ఉన్నారా? ఈ రాత్రే కాగితం మీద రాసుకోండి. జవాబు లేని ప్రశ్న దగ్గర్నుంచి పని మొదలుపెట్టండి.

కుర్చీతో జాగ్రత్త

సుమారు 80వ కిలోమీటరు దగ్గర ఇటలీ ఊరు కూర్మాయోర్. చాలామంది అక్కడికి చేరేసరికి శనివారం తెల్లవారి ఉంటుంది. ఒక పెద్ద క్రీడా భవనంలో బల్లల నిండా వేడి సూప్, నూడుల్స్, చీజ్, కోలా. ముందే పంపించిన మరో సంచీ ఇక్కడ చేతికొస్తుంది. లోపలికి వచ్చినాయన కుర్చీలో కూలబడతాడు. బూట్లు విప్పుతాడు. తడిసిన సాక్సు ఊడబెరికితే కాలి చర్మం నీళ్లలో నానిన చింతపండులా ముడతలు పడి ఉంటుంది. సూప్ గిన్నె రెండు చేతులతో పట్టుకుంటాడు. వెచ్చగా ఉంది. బయట ఇంకో కొండ ఉంది.

ఇక్కడే మనుషులు రెండు రకాలుగా విడిపోతారు. ఒకాయన ముందే అనుకుని వచ్చాడు: సాక్సులు మార్చాలి, సీసాలు నింపాలి, తినాలి, ఇరవై నిమిషాల్లో లేవాలి. ఇంకొకాయన 'కాస్త కూర్చుని చూద్దాం' అనుకున్నాడు. ఆ కాస్త గంటయింది. ఒళ్లు చల్లబడింది, కీళ్లు బిగిశాయి. దూర పరుగులవాళ్లు కుర్చీతో జాగ్రత్త అని ఒకరికొకరు చెప్పుకునేది ఇందుకే.

విశ్రాంతి తీసుకోండి. కానీ ఎందుకు కూర్చుంటున్నారో, ఎప్పుడు లేస్తారో కూర్చోకముందే అనుకోండి. అలాగే ఆకలి వేయకముందే తినండి. ఈ పందేల్లో చాలామంది గంటకు 60 నుంచి 90 గ్రాముల పిండిపదార్థం తీసుకునేట్టు చూసుకుంటారు. నీరసం వచ్చాక తిందామనుకుంటే అప్పటికి కడుపు ఒప్పుకోదు. నిద్ర, సెలవు, స్నేహితుడితో మాట కూడా అంతే. పూర్తిగా అలసిపోయాక ఇవి మందుల్లా పనిచేయవు.

ఓడిన చోటుకే ఇల్లు మార్చినవాడు

అమెరికన్ జిమ్ వామ్‌స్లీ తన దేశంలో తిరుగులేని పరుగువీరుడు. 2017లో యూటీఎంబీకి వచ్చాడు. ఐదో స్థానం. 2018లో మధ్యలోనే ఆగిపోయాడు. 2021లో మళ్లీ ఆగిపోయాడు. అతని వేగానికి ఆల్ప్స్ లొంగలేదు. ఇంకొకరైతే 'ఈ కొండలు నాకు పడవు' అనేవారు.

2022లో అతను భార్యతో కలిసి ఫ్రాన్స్‌లోని ఆల్ప్స్ పల్లెకు మకాం మార్చాడు. ఆ కొండల మధ్యే ఉంటూ ఎక్కడం, దిగడం నేర్చుకున్నాడు. ఆ ఏడాదే గెలిచాడా? లేదు. ముందు పరిగెడుతూ చివర్లో చతికిలబడి నాలుగో స్థానంలో వచ్చాడు. 2023లో, ఐదో ప్రయత్నంలో గెలిచాడు. 19 గంటల 37 నిమిషాల 43 సెకన్లు, అప్పటికి కొత్త రికార్డు. మగవాళ్లలో ఈ పందెం గెలిచిన తొలి అమెరికన్ అతనే.

ఓడిపోయినప్పుడు 'ఇంకా కష్టపడతాను' అనుకోవడం అందరూ చేసేదే. వామ్‌స్లీ వేసుకున్న ప్రశ్న వేరు: 'నాకు రానిది ఎక్కడ దొరుకుతుంది?' ఇంగ్లిష్ రాకపోతే ఇంగ్లిష్ మాట్లాడేవాళ్ల మధ్యకు వెళ్లండి. వ్యాపారం తెలియకపోతే ఆరు నెలలు ఒక కొట్లో పనికి కుదరండి. బలహీనత ఉన్న చోటే కాపురం పెట్టండి.

'ఈ వయసులోనా?' అంటారా? 2007లో ఈ పందెం గెలిచిన ఇటలీ మనిషి మార్కో ఓల్మోకు 58 ఏళ్లు. మరుసటి ఏడాది గెలిచిన కిలియన్ జోర్నెట్‌కు 20 ఏళ్లు. కొండకు ఇద్దరూ ఒకటే.

కొండ వద్దంటే దిగండి

ఒక హెచ్చరిక. 2010లో తుపాను గాలులు, విరిగిపడిన మట్టి చూసి మొదటి రాత్రే నిర్వాహకులు పందెం ఆపేశారు. 2012లో దారి కుదించారు. ఏడాది పొడవునా తయారైనవాళ్లకు గుండె కోత. అయినా మరుసటి ఏడాది కొండ అక్కడే ఉంటుంది, మనిషి కూడా ఉండాలి కదా! ప్రాణం, పరువు, కుటుంబం పణంగా పెట్టాల్సిన చోట వెనుదిరగడం కూడా నైపుణ్యమే. బద్ధకం వల్ల ఆగుతున్నారో, ప్రమాదం చూసి ఆగుతున్నారో మీ మనసుకు తెలుస్తుంది. దాన్ని అబద్ధమాడనివ్వకండి.

తలెత్తి చూడాలంటే ఆగాలి

ఇన్ని బాధలు పడి ఆల్ప్స్‌లోనే ఎందుకు పరిగెత్తాలి? అందం కోసం. స్విట్జర్లాండ్‌లో 1974 నుంచి సియేర్-జినాల్ అనే 31 కిలోమీటర్ల పందెం జరుగుతోంది. ఆ దారి నుంచి 4,000 మీటర్లు దాటిన ఐదు శిఖరాలు కనిపిస్తాయి. వాటిలో మాటర్‌హార్న్ ఒకటి. అయితే ఒక చిక్కుంది. రాళ్లు, వేళ్లు ఉన్న బాటలో పరిగెత్తేవాడి చూపు కాళ్ల ముందు నుంచి కదలకూడదు. తలెత్తితే పడతాడు. కొండ చూడాలంటే ఆగాల్సిందే. యూటీఎంబీలో ఇటలీ దాటి స్విట్జర్లాండ్‌లో అడుగుపెట్టే గ్రాండ్ కోల్ ఫెరే కనుమ దగ్గర, 2,537 మీటర్ల ఎత్తున, గడియారంతో పోటీపడే మనుషులు కూడా ఒక్క క్షణం నిలబడి వెనక్కి చూస్తారు.

మీరు ఎవరి కోసం పరిగెడుతున్నారో వాళ్ల ముఖాన్ని ఈ వారంలో ఒక్కసారైనా ఆగి చూశారా?

ఆదివారం సాయంత్రం. గడువుకు ఇంకా కొన్ని నిమిషాలే ఉన్నాయి. విజేత శనివారం మధ్యాహ్నమే వచ్చేశాడు. అయినా షామోనీ వీధుల్లో జనం కదల్లేదు, చివరివాళ్ల కోసం ఇనుప కంచెల మీద చప్పుడు చేస్తున్నారు. రెండు రాత్రులు నిద్రలేని ఒకాయన కర్రలు ఊతంగా మలుపు దాకా నడిచి వస్తాడు. అక్కడ కర్రలు చంకలో పెట్టుకుంటాడు. అతని కూతురు కంచె కింద నుంచి దూరి వచ్చి చెయ్యి పట్టుకుంటుంది.

ఎక్కుళ్లన్నీ నడిచే వచ్చాడు. అందుకే ఆ చివరి వంద మీటర్లు ఇద్దరూ పరిగెడతారు.