బాలోద్యానమును గృహమును

ఫ్రోబెల్ అను జర్మను పండితుడు బ్లాంకెన్‌బుర్గు పట్టణమున 1837లో శిశువుల యాటపాటలకై యొక సంస్థ నెలకొల్పి, 1840లో దానికి 'కిండర్‌గార్టెను', అనగా బాలోద్యానమని పేరిడెను. శిశువున కాయన యిచ్చిన మొదటి సాధనము పుస్తకము గాదు. ఉన్నితో నల్లిన యారు రంగుల బంతులు. పిదప కఱ్ఱ గోళమును, ఘనమును. గోళము దొర్లును, ఘనము నిలుచును. ఈ భేదమును బిడ్డ చేతితోనే తెలిసికొనును. ఇట్టి యాటలకు సైతము జడిసి కాబోలు, ప్రష్యా ప్రభుత్వము 1851లో బాలోద్యానములను నిషేధించి, 1860 వఱకు ఆ నిషేధము నెత్తివేయలేదు!

1844లో ఆయన తల్లులకొఱకే యొక పాటల గ్రంథమును బ్రకటించెను. తల్లి యొడియే తొలి పాఠశాల యని యాయన నిశ్చయము. మన యిండ్లలోనో, బిడ్డ బడినుండి రాగానే తండ్రి పలక తెమ్మని గద్దించును. నేనును అట్లే యొకనాడు మా యమ్మాయిని ఎదిరిపక్షపు సాక్షినివలె ప్రశ్నించితిని. అది యేడ్చి, వచ్చిన లెక్కయు మఱచినది.

మఱునాడు దాని తల్లి గుప్పెడు చింతగింజలిచ్చి, "భోజనమునకు నలుగురము, ఎన్ని విస్తళ్లు వేయవలెనమ్మా?" అని యడిగెను. బిడ్డ గింజలు పేర్చుకొని, అయిదు విస్తళ్లు వేసినది. తల్లి దిద్దలేదు. అందఱము గూర్చున్న పిమ్మట ఖాళీ విస్తరిని జూచి, తానే నవ్వుచు దీసివేసినది. నాటి సాయంకాలము నేను పలక నడుగక, దాని చెంత గూర్చుండి గింజలు పేర్చితిని.