సీటు వచ్చాక మొదలయ్యే పని

భద్రాచలం



నీ ఉత్తరం చేరింది. డిగ్రీ చేతికొచ్చిందన్న కబురు ఇంట్లో అందరికీ చదివి వినిపించాను. ఈ వేసవిలో చర్ల, దుమ్ముగూడెం మండలాల గూడేల్లో ఇంటర్ పాసైన పిల్లల్ని కాలేజీల్లో చేర్పించాలనుకుంటున్నానని రాశావు. ఎక్కడ మొదలుపెట్టాలి సారూ అని అడిగావు. ఆశ్రమ పాఠశాలల్లో పాఠాలు చెప్పి రిటైరైనవాడిని కదా, నాకు తెలిసింది వరసగా రాస్తాను.

ముందుగా ఒక మాట గట్టిగా చెప్పాలి. మన వైపు పిల్లలకు డిగ్రీలో చేరడం కన్నా డిగ్రీతో బయటికి రావడం కష్టం. ఇంటర్ పాసైతే చాలు, ఎక్కడో ఒకచోట సీటు వస్తుంది. ఆ సీటుకూ పట్టాకూ మధ్య ఆరు సెమిస్టర్లున్నాయి. పిల్లలు జారిపోయేది అక్కడే. కాబట్టి నీ ఓపికలో ఒక వంతు చేర్పించడానికి ఖర్చుపెట్టు. మూడు వంతులు చేరినవాళ్లు ఆగిపోకుండా చూడటానికి దాచుకో.

వాళ్లు ఎందుకు జారిపోతారో అర్థం కావాలంటే ఒక లెక్క చూడు. 2011 జనాభా లెక్కల్లో తెలంగాణ అక్షరాస్యత 66.5 శాతం, గిరిజనుల్లో 49.5 శాతం. ఇప్పుడు భద్రాద్రి కొత్తగూడెం జిల్లా అంటున్న ఈ ప్రాంతంలో మూడో వంతుకు పైగా జనం గిరిజనులే. అంటే నువ్వు చేర్పించబోయే పిల్లల్లో చాలామంది ఇళ్లలో ఫారం చదివిపెట్టే మనిషి ఉండడు. పట్నంలో ఒక పిల్లవాడికి ఫీజు గడువు తండ్రి గుర్తు చేస్తాడు, ఏ గ్రూపు తీసుకోవాలో అక్క చెబుతుంది. మన పిల్లవాడు తెలివిలో తీసిపోడు. అతనికి లేనిది ఆ అక్క. నువ్వు చేయబోయే పని ఆ అక్క పనే.

మొదట కాగితాలు. డిగ్రీ సీట్లు కేటాయించే ఆన్‌లైన్ పద్ధతి దోస్త్. దాని నోటిఫికేషన్ వచ్చాక మీసేవకు పరుగెత్తితే ఆలస్యమైపోతుంది. పిల్లలు ఇంటర్ రెండో ఏడు చదువుతుండగానే పదో తరగతి మెమో, ఆధార్, కుల పత్రం, ఆదాయ పత్రం, బోనఫైడ్లు, బ్యాంకు పుస్తకం అన్నీ ఒకచోట పరిచి పేర్లు పోల్చు. మన ఇంటిపేర్లతోనే చిక్కు. మడకం ఒకచోట మాడకం అవుతుంది, కుంజా మరోచోట కుంజ అవుతుంది, ఇంగ్లీషులో రాసేసరికి ఒక్కో ఆఫీసులో ఒక్కో స్పెల్లింగు. దేనికైనా పదో తరగతి మెమోలో ఉన్నదే ప్రమాణం అనుకో. మిగతా కాగితాలన్నీ దానికి సరిపోయేలా దిద్దించు. ఆధార్‌కు ఫోన్ నంబరు లింకై ఉందా, ఆ సిమ్ ఇంకా పనిచేస్తోందా అన్నది కూడా అప్పుడే చూడు. దోస్త్‌లో రిజిస్టర్ కావడానికి ఓటీపీ ఆ నంబరుకే వస్తుంది. అన్న పట్టుకుపోయిన పాత సిమ్ వల్ల ఒక విడత మొత్తం పోగొట్టుకునే పిల్లలుంటారు.

2016 నుంచి డిగ్రీ సీట్లు చాలావరకు దోస్త్ ద్వారానే. వెబ్ ఆప్షన్లు పెట్టేటప్పుడు మూడు సంగతులు చూడు: ఇంటినుంచి కాలేజీకి బస్సు ఉందా, హాస్టల్ ఉందా, ఆ కోర్సు ఏ మీడియంలో ఉంది. ఫ్రీ వ్యాను అనో సెల్‌ఫోన్ ఇస్తామనో ఆశపెట్టి ఆప్షన్లు తామే పెట్టేస్తామని ఇంటర్ పిల్లల చుట్టూ తిరిగే ఏజెంట్లకు పాస్‌వర్డ్ ఇవ్వొద్దని పిల్లలకు మరీ మరీ చెప్పు. భద్రాచలంలో ప్రభుత్వ డిగ్రీ కాలేజీ ఉంది. ఖమ్మంలో 1956 నాటి ఎస్సార్ అండ్ బీజీఎన్నార్ కాలేజీ ఉంది. ఈ రెంటినీ పైన పెట్టించు. గిరిజన సంక్షేమ గురుకుల డిగ్రీ కాలేజీలూ ఉన్నాయి. వాటిలో ఎలా చేర్చుకుంటున్నారో విడిగా కనుక్కో. సీటు వచ్చాక సెల్ఫ్ రిపోర్టింగ్ చేయకపోతే ఆ సీటు రద్దవుతుంది. సీటు వచ్చిందన్న మెసేజ్ చూసి సంబరపడి అక్కడితో ఆగిపోయేవాళ్లు ఎక్కువ.

ఫీజు రీయింబర్స్‌మెంట్, స్కాలర్‌షిప్ కోసం ఈపాస్ వెబ్‌సైట్‌లో ఒకసారి దరఖాస్తు పెడితే మూడేళ్లూ వస్తాయని పిల్లలు అనుకుంటారు. ప్రతి ఏటా రెన్యువల్ చేయాలి, హాజరు 75 శాతం ఉండాలి. ప్రభుత్వం నుంచి డబ్బు ఆలస్యమైతే ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇవ్వమని మొండికేసే ప్రైవేటు కాలేజీలున్నాయి. అలా అట్టిపెట్టుకోకూడదని 2018లో యూజీసీ నోటిఫికేషన్ ఇచ్చింది. దాని కాపీ ఒకటి నీ సంచిలో ఉండనీ. గొడవకు దిగకుండా మర్యాదగా చూపించు. ప్రిన్సిపాల్ ముందు చేతులు కట్టుకు నిలబడే తండ్రి తరఫున కాగితం మాట్లాడుతుంది.

కాగితాల విషయంలో రెండు రకాల పిల్లలకు మరింత జాగ్రత్త కావాలి. మొదటి రకం నది పక్క ఊళ్ల పిల్లలు. 2014లో రాష్ట్రం విడిపోయినప్పుడు కూనవరం, చింతూరు, వీఆర్‌పురం, కుక్కునూరు, వేలేరుపాడు మండలాలు ఆంధ్రలో కలిశాయి. భద్రాచలం పట్టణం మనకు మిగిలి, చుట్టూ ఉన్న ఊళ్లు అటు పోయాయి. ఎటపాక పిల్లకు భద్రాచలం కాలేజీ కూతవేటు దూరం, కాని ఆమె పత్రాలు, ఫీజు పథకం మరో రాష్ట్రానివి. అలాంటి పిల్లల్ని ముందు మార్కులు అడగొద్దు. ఏ ఏ తరగతులు ఏ రాష్ట్రంలో చదివారో, కుల పత్రం ఎవరిచ్చారో అడుగు. తర్వాతే ఎటు దరఖాస్తు చేయాలో తేల్చు.

రెండో రకం గుత్తికోయల పిల్లలు. ఛత్తీస్‌గఢ్‌లో 2005లో మావోయిస్టులకు వ్యతిరేకంగా సల్వా జుడుం మొదలయ్యాక వాళ్ల కుటుంబాలు చాలా సరిహద్దు దాటి మన అడవుల్లోకి వచ్చాయి. అక్కడ వాళ్లు ఎస్టీలు. ఇక్కడ ఆ పత్రం దొరకడమే కష్టం. ఈ చిక్కుకు మూలమైన తీర్పుల్లో ఒకటి తెలుగు విద్యార్థిదే. తెనాలిలో పుట్టి, తండ్రితో బొంబాయి వెళ్లిన ఒకతను సొంత రాష్ట్రపు ఎస్టీ హోదాతో అక్కడ మెడిసిన్ సీటు అడిగాడు. వలస వెళ్లిన రాష్ట్రంలో ఆ హోదా వెంట రాదని 1990లో సుప్రీంకోర్టు చెప్పింది. ఈ పిల్లలకు లేనిపోని ఆశలు పెట్టకు. పత్రం పుట్టించి ఇస్తామనే దళారీ దగ్గరికి అసలే పంపకు. 1993 చట్టం కింద దొంగ కుల పత్రం రద్దవుతుంది, దానితో వచ్చిన సీటూ పోతుంది. ఫీజు తక్కువ ఉండే ప్రభుత్వ కాలేజీలో ఓపెన్ కేటగిరీ సీటుకు వాళ్లను సిద్ధం చేయి. పుట్టినతేదీ, బడి రికార్డులు చిన్నప్పటినుంచీ సరిగా ఉండేలా వాళ్ల తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ ఇప్పుడే చూడు.

ఇక అసలు పని. మన గూడెం క్యాలెండరు వేరు, యూనివర్సిటీ క్యాలెండరు వేరు. మార్చి, ఏప్రిల్ ఇప్పపువ్వు ఏరే రోజులు. వేసవి ముదిరాక తునికాకు: తెల్లారకముందే అడవికి పోవాలి, యాభై ఆకులకో కట్ట కట్టాలి, సాయంత్రానికి కల్లానికి చేర్చాలి. దోస్త్ గడువులు సరిగ్గా అప్పుడే నడుస్తుంటాయి. జూన్‌లో దుక్కులు, విత్తనాలు. జూలై, ఆగస్టుల్లో గోదావరి వరద. భద్రాచలం దగ్గర 53 అడుగులకు మూడో ప్రమాద హెచ్చరిక. 2022 జూలైలో నీళ్లు 71.3 అడుగులకు వచ్చాయి. తరగతులు మొదలై పిల్లవాడు ఇంకా బెంచీ వెతుక్కుంటున్నప్పుడే రోడ్డు మునుగుతుంది. జనవరి దాటితే మిరప కోతలు, ఇంటిల్లిపాదీ కూలికి వెళ్లే కాలం. ఆ కూలి డబ్బుతోనే ఆ ఇంటి ఏడాది గడవాలి.

కాబట్టి పనికి పోవద్దని ఎవరికీ నీతులు చెప్పకు. ఒక నోటుబుక్కు పెట్టు. ఒక పక్క గూడెం పనులు, ఇంకో పక్క కాలేజీ తేదీలు నెలవారీగా రాయి. రెండూ ఢీకొనే వారాలు నీకే కనిపిస్తాయి. పరీక్ష ఫీజు చివరి తేదీ, ఇంటర్నల్ పరీక్షలు, ఈపాస్ రెన్యువల్, ఈ మూడు రోజులకు మాత్రం పిల్లవాడు మిరపచేలో ఉన్నా వచ్చి పోవాలి. పది రోజుల ముందే కబురు పంపు. సిగ్నల్ లేని ఊళ్లకు ఆశా కార్యకర్త ద్వారానో, సంతకు వచ్చినవాళ్ల ద్వారానో చెప్పిపంపు.

ఈ చిన్న పనులకు అంత బలం ఉందా అని నీకు అనుమానం రావచ్చు. న్యూయార్క్ నగర యూనివర్సిటీ 2007లో పేద విద్యార్థుల కోసం ఒక కార్యక్రమం మొదలుపెట్టింది. వాళ్లిచ్చింది బస్సు, రైలు పాసు, పుస్తకాలకు సాయం, తరచూ పిలిచి మాట్లాడే ఒక సలహాదారు. పరిశోధకులు లెక్క తీస్తే అక్కడి రెండేళ్ల డిగ్రీని మూడేళ్లలోపు పూర్తిచేసినవాళ్లు ఆ సాయం అందనివాళ్లలో 22 శాతం, అందినవాళ్లలో 40 శాతం. మన ఆడపిల్లలకు 2023 డిసెంబరు నుంచి ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్టు లేదు. మగపిల్లలకు పాసు తీయించు. 2024 చివర్లో హాస్టల్ పిల్లల మెస్ చార్జీలు నెలకు 1,500 నుంచి 2,100కు పెంచారు. పాసు, పుస్తకాలు ఎలాగో సమకూరతాయి. తరచూ పిలిచి మాట్లాడే మనిషే మన దగ్గర లేనిది.

ఒక్కణ్ని ఒక్క కాలేజీకి పంపకు. వీలైతే ఒకే వైపు గూడేల నుంచి నలుగురైదుగుర్ని కలిపి ఒకేచోట చేర్పించు. 1989లో న్యూయార్క్‌లోనే మొదలైన పాసీ ఫౌండేషన్ ఇదే సూత్రంతో పిల్లల్ని జట్లుగా కాలేజీలకు పంపుతోంది. జ్వరమొస్తే ఇంటికి కబురు చెప్పేవాడు, నోట్సు ఇచ్చేవాడు, వెటకారం చేసినవాణ్ని నిలదీసేవాడు పక్కన ఉంటే పిల్లవాడు సంచి సర్దుకోడు.

మొదటి సెమిస్టర్ మీద ప్రత్యేకంగా కన్నేయి. ఇంట్లో కోయ, బడిలో తెలుగు, డిగ్రీలో ఇంగ్లీషు. రెండు పేపర్లు పోయేసరికి ఇక నావల్ల కాదనుకుని కూలికి పోతారు. నీకు కోయ వచ్చు, అదే పాఠం నువ్వు రాసి పాసయ్యావు. పరీక్షకు ముందు ఆదివారాలు కూర్చోబెట్టి, పాత ప్రశ్నపత్రాలు ముందు పెట్టుకుని కోయలో వివరించు. పోయిన పేపరు మళ్లీ రాయొచ్చని, అది చాలామంది చేసే పనేనని చెప్పు. నీ మెమోల్లో పోయిన సబ్జెక్టులుంటే వాటినీ చూపించు.

చదివి ఏం చేస్తాడని తల్లిదండ్రులు అడుగుతారు. ఒకప్పుడు దానికి జవాబు సులువు. 2000లో వచ్చిన జీవో 3 ప్రకారం ఏజెన్సీ బడుల్లో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులవే. డిగ్రీ, బీఈడీ అంటే సొంత మండలంలో ఉద్యోగం. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు ఆ జీవోను కొట్టేసింది. అప్పటికే చేరినవాళ్ల ఉద్యోగాలు మాత్రం నిలిచాయి. ఈ సంగతి దాచకుండా చెప్పు. 2022లో రాష్ట్రంలో ఎస్టీ రిజర్వేషన్ 6 నుంచి 10 శాతమైందని, ములుగు గిరిజన యూనివర్సిటీకి 2023 డిసెంబరులో పార్లమెంటు ఆమోదం తెలిపిందని, డిగ్రీ లేకుండా ఏ గ్రూప్ పరీక్షా రాయలేరని కూడా చెప్పు. ఉద్యోగం ఖాయమని మాత్రం అనకు. పోడు పట్టా నోటీసు వచ్చిన రోజు చదివి చెప్పడానికి ఊళ్లో ఒక మనిషి ఉంటాడు అను. ఆ మాట వాళ్లకు బాగా అర్థమవుతుంది.

మధ్యలో మానేసినవాళ్లను లెక్కలోంచి తీసేయకు. పెళ్లయిన పిల్లలు, కూలికి పోతున్న కుర్రాళ్లు అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయంలో తెలుగు మీడియంలో డిగ్రీ చేయొచ్చు. 1982లో మొదలైన ఆ యూనివర్సిటీ ఇలాంటివాళ్ల కోసమే పుట్టింది.

అందరినీ ఈ ఏడే తలకెత్తుకోకు. అయిదుగురితో మొదలుపెట్టు. ఎంతమందిని చేర్పించావని ఎవరైనా అడిగితే ఆ లెక్క చెప్పకు. మూడేళ్ల తర్వాత ఎంతమంది పట్టాతో వచ్చారో ఆ లెక్క చెప్పు. వచ్చిన ప్రతివాడికీ తర్వాతి ఏడు ఇద్దరిని అప్పగించు. అప్పుడు ఈ పని నీ ఒక్కదాని భుజాల మీద ఉండదు. వచ్చే ఆదివారం నోటుబుక్కు తీసుకుని మా ఇంటికి రా. నెలలవారీ తేదీలు ఇద్దరం కూర్చుని రాద్దాం.

మీ అమ్మానాన్నలను అడిగానని చెప్పు.

ఇట్లు
మీ సారు